ట్యూన్ కింద ఏముందో విను

హైదరాబాద్

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ‘ఇప్పటి సినిమా పాటలన్నీ ఒకేలా ఉన్నాయి, ఎవరికీ సొంత ముద్ర లేదు’ అని రాశావు. పాట మీద ప్రేమ ఉన్నవాడికే ఇంత కోపం వస్తుంది. కానీ వ్యాసం మొత్తంలో ఎక్కడా నువ్వు పల్లవి దాటి విన్నట్టు లేదు.

సొంతదనాన్ని ట్యూన్‌లోనే వెతికితే దొరకదు. ‘మాయాబజార్’ (1957)లో ‘లాహిరి లాహిరి’ మోహన రాగం. ‘ఘర్షణ’లో ఇళయరాజా చేసిన ‘నిన్ను కోరి వర్ణం’ కూడా మోహనే. అవే ఐదు స్వరాలు. ఒకటి వెన్నెల్లో తాపీగా సాగితే, రెండోది బేస్ (మంద్ర స్వరాలు పలికే గిటార్), డ్రమ్స్ మీద పరుగెడుతుంది. రాగం కలిసిందని కాపీ అనేస్తావా? ఇంకో చిక్కు కూడా ఉంది. లాహిరికి బాణీ కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన మధ్యలో తప్పుకుంటే వాద్యాలు సమకూర్చి రికార్డు చేయించింది ఘంటసాల. మరి అందులో వినిపించే ముద్ర ఎవరిది? ఈ ఒక్క ప్రశ్న మీదే మంచి వ్యాసం రాయొచ్చు.

ఇళయరాజాని నేను బేస్ గిటార్ నడకతో గుర్తుపడతాను. అది గాయకుడి వెనక నిలబడదు, పక్కనే ఇంకో పాట పాడుతుంది. కె.వి. మహదేవన్ ముందు సాహిత్యం రాయించుకుని దానికి బాణీ కట్టేవారు. ఆయన ముద్ర మాట విరుపులో ఉంది.

ఇప్పటివాళ్లది బద్ధకమని తేల్చేశావు. అసలు జరిగేది వేరు. ఎడిటింగ్‌లోనే సీన్ కింద వేరే సినిమా మ్యూజిక్ పెట్టుకుంటారు. వారాల తరబడి దానికే అలవాటుపడ్డ దర్శకుడికి ఇంకేదీ ఆనదు, ‘అలాంటిదే కావాలి’ అంటాడు. పైగా అందరి కంప్యూటర్లలోనూ ముందే రికార్డు చేసిపెట్టిన అవే సౌండ్ లైబ్రరీలు, మళ్లీ మళ్లీ తిరిగే అవే లయ ముక్కలు (లూప్‌లు). అంత టెన్షన్‌లోనూ నాలుగు తాళావర్తాల సంగీతమైనా తనదిగా మిగుల్చుకునేవాడు ఉంటాడు. వాణ్ణి పట్టుకుని పాఠకుడికి చూపించడమే నీ పని.

కృష్ణానగర్ వైపు చిన్న స్టూడియోల్లో పనిచేసే కీబోర్డ్ ప్రోగ్రామర్ (పాటకి వాద్యాలు కంప్యూటర్‌లో పేర్చేవాడు) ఎవరినైనా బతిమాలి ఒక రాత్రి పక్కన కూర్చో. పాటలోంచి గొంతు తీసేసి బేస్ ఒక్కటే, రిథమ్ ఒక్కటే వినిపించమను. ఎవరి పాటో చెప్పొద్దను. కనిపెట్టగలిగితే, దేన్నిబట్టి కనిపెట్టావో అది రాయి. ‘సోల్‌ఫుల్’, ‘మెస్మరైజింగ్’ లాంటి మాటలు దయచేసి వాడకు. వ్యాసం సగానికి తగ్గినా ఫర్వాలేదు, పంపు. నేను చదువుతాను.