జర్మన్ నేర్చుకోడానికి మధ్యలో ఇంగ్లీషు దేనికండీ?

ఈ మధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు, జర్మనీ వెళ్తున్నాం, ఏ యాప్ మంచిది అని. నేను అక్కడికెళ్ళి 14 ఏళ్ళయింది, ఇప్పుడు నెల్రోజులు లీవు పెట్టి బెంగళూరులో మా చెల్లి వాళ్ళింట్లో ఉన్నా, మారతహళ్లి. పీజీ బోర్డుల దగ్గర్నుంచి కర్రీ పాయింట్ల దాకా ఇక్కడంతా తెలుగే, కన్నడ ముక్క రాకుండా నాలుగేళ్ళు లాగించేసినవాళ్ళున్నారు (సరే, అది వేరే గొడవ). మా మేనల్లుడు మాస్టర్స్‌కి వెళ్తున్నాడు. ఫోన్ తీసి, మావయ్యా చూడు, జర్మన్ యాప్‌లో ఒక్కరోజూ మానకుండా 212 రోజుల స్ట్రీక్ అన్నాడు. శభాష్ రా, సరే ఆ ఫ్యాన్ తగ్గించు నాకు చలిగా ఉంది, ఈ మాట జర్మన్‌లో ఎలా అంటావ్ అన్నా. "ఇష్ బిన్ కాల్ట్" అన్నాడు టక్కున.

నవ్వాపుకోలేకపోయా, ఎందుకంటే నా మొదటి చలికాలం ఆఫీసు క్యాంటీన్ లైన్లో నిలబడి నేనూ అచ్చం ఇదే అన్నా, ముందున్నాయన వెనక్కి తిరిగి ఎగాదిగా చూశాడు. నేను మనసులేని మనిషిని అన్నట్టు వినిపిస్తుందట. ఉక్కగా ఉన్నప్పుడు ఇదే పద్ధతిలో చెప్తే ఇంకా పరువు తక్కువ, అది రాయను. అనాల్సింది "మీర్ ఇస్ట్ కాల్ట్". మీర్ అంటే నాకు. నాకు చలిగా ఉంది, అంతే, మన మాటే! నాకు బోర్‌గా ఉంది, మీర్ ఇస్ట్ లాంగ్‌వైలిష్. నాకు నచ్చింది అన్నా అంతే, దస్ గెఫెల్ట్ మీర్. తెలుగులో ఆలోచిస్తే తప్పు పోయే సందే లేదు, మనవాడు తెలుగుని ఇంగ్లీషు చేసి దాన్ని మళ్ళీ జర్మన్ చేశాడు, ఆ మధ్య మజిలీలో "నాకు" కాస్తా "నేను" అయిపోయింది. వాడి యాప్ మొత్తం ఇంగ్లీషు మీదుగానే చెప్తుంది మరి.

"ఎందుకంటే" అని వైల్ పెట్టి మొదలెట్టిన వాక్యంలో కూడా క్రియ చివరికే పోతుంది, వైల్ ఇష్ మ్యూడె బిన్ (ఎందుకంటే నేను అలిసిపోయి ఉన్నా, చివరి బిన్ క్రియ), మనకి పుట్టుకతో వచ్చిన అలవాటే అది. అన్నీ ఇలా కలుస్తాయని కాదు, నాకు ఆకలిగా ఉంది అనడానికి ఇష్ హాబె హుంగర్ అనాలి, అక్కడ మన "నాకు" పనికిరాదు.

అందుకని నేను చెప్పేది, అంకీ అని ప్రశ్న ఒకవైపు, జవాబు ఒకవైపు ఉండే కార్డుల యాప్ ఉంది, అది వేసుకోండి. ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్లో ఫ్రీ, ఐఫోన్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. చూడ్డానికి వెలవెలబోతూ ఉంటుంది గానీ పని చేస్తుంది, వచ్చిన కార్డుని నాలుగు రోజులకి, పది రోజులకి అలా దూరం జరుపుతుంది, రానిదాన్ని ఇవాళే మళ్ళీ ముందు పెడుతుంది. మనం ఎలా మర్చిపోతామో తన మీదే పరీక్షలు చేసుకుని 1885లో పుస్తకం వేసిన ఎబ్బింగ్‌హౌస్ కూడా జర్మనాయనే. ఎవరో చేసిన రెడీమేడ్ డెక్ (కార్డుల కట్ట) దించుకోకండి, మీరే రాసుకోండి, ముందువైపు తెలుగు, వెనకవైపు జర్మన్, విడి పదాలు వద్దు, వాక్యాలే పెట్టండి. మావాడితో ఆ సాయంత్రమే 10 కార్డులు రాయించా, "నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేది వాడే అడిగి రాసుకున్నాడు, మీర్ ఇస్ట్ ష్విండ్లిష్.

ఉచ్చారణకి ఫోన్ కీబోర్డులో వాయిస్ టైపింగ్ భాష జర్మన్‌కి మార్చి మాట్లాడండి, అదేం టైప్ చేసిందో చూడండి, మొహమాటం లేకుండా మీ తప్పు మీ ముందు పెడుతుంది. రైలుని మావాడు జూగ్ అంటున్నాడు. అక్కడున్నది జ కాదు, చుక్క, చాలు అంటాం చూడండి, ఆ చ. ఇంగ్లీషువాళ్ళు దానికి నానా తంటాలు పడతారు, మన పలకలో మాత్రం ఒకప్పుడు ౘ అని దానికో అక్షరమే ఉండేది. చివరి గ కూడా క లాగే పలుకుతుంది, ౘూక్.

ట్రాన్స్‌లేటర్ని మాత్రం బోర్డులు, ఉత్తరాలు చదవడానికే వాడండి. ఇంటి ఓనరుకి "మీరు ఎప్పుడొస్తారు" అని తెలుగులో కొట్టి నేను పంపిన మెసేజ్ "నువ్వెప్పుడొస్తావ్" అయి వెళ్ళింది, జర్మన్‌లో జీ, డూ అని మన మీరు, నువ్వు లాగే తేడా ఉంది, ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట, ఆ మధ్య మజిలీలోనే తేడా పోయుంటుంది. ఆవిడకి డెబ్బై ఏళ్ళు. వారం పాటు ముభావంగానే ఉంది.

క్లాసుకి ఇక్కడ ఇందిరానగర్ మాక్స్ ముల్లర్ భవన్‌కి (జర్మనీ వాళ్ళ గోథె ఇన్‌స్టిట్యూట్) వెళ్తే మంచిదే, కుదరకపోతే జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె వాళ్ళ ఆన్‌లైన్ కోర్సు ఏ1 (మొదటి మెట్టు) నుంచి బీ1 (మూడో మెట్టు) దాకా ఫ్రీ, వార్తలు నెమ్మదిగా చదివే ఆడియో కూడా పెడతారు, కంపెనీ బస్సులో సిల్క్ బోర్డు జామ్‌లో కూచుని వినడానికి సరిపోతుంది. వింటూ వెనకే పెదాలు కదపండి, పక్కవాడు చూస్తే చూడనీ. గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ విడివిడి, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి, ఒకటి పోతే ఆ ఒక్కదానికే మళ్ళీ కట్టుకోవచ్చు, కాబట్టి మాట్లాడడం ఇంకా రాలేదని మొత్తం పరీక్షే వాయిదా వేసుకుంటూ కూచోకండి.