మంగళవారం ఎత్తుకెళ్లి గురువారం అరెస్టు అని రాశారు – పోలీసుల మీద కేసు ఎలా?

ప్రశ్న: సార్, మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా ఆయన రైతు సంఘం మండల నాయకుడు. చివరి ఆయకట్టుకు కాలువ నీళ్లు రాలేదని మూడు వారాల కిందట రాస్తారోకో చేసినారు. మరుసటి రోజు మంగళవారం తెల్లవారుజామున ఐదు గంటలకు పోలీసులు ఇంటికొచ్చి ఆయన్ను, ఇంకో ఇద్దరు నాయకులను జీపులో ఎక్కించుకుని పోయినారు. నేను 112కి ఫోన్ చేసినా. స్టేషన్‌లో ‘ఎవరు చేయించినారో చెప్పు’ అని అరికాళ్ల మీద కొట్టినారు. గురువారం మధ్యాహ్నం ఆయన్ను, ఒక నాయకుణ్ని తహసీల్దారు దగ్గర బైండోవర్ చేసి, అంటే ఇంక గొడవ చేయమని పూచీ రాయించుకుని, వదిలినారు. మూడో ఆయన్ను రిమాండ్‌కు పంపినారు, ఇప్పుడు బెయిల్ మీద వచ్చినాడు. జడ్జి అడిగితే కొట్టలేదనే చెప్పినాడంట, భయపడి. పోలీసులేమో గురువారం పొద్దున్నే పట్టుకున్నామంటున్నారు. మా ఆయన కేసు వద్దంటున్నాడు, రౌడీషీట్ తెరుస్తామన్నారంట. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం దెబ్బల గురించే ఉంది. అది సహజం, చూసినవాళ్లకు అదే కళ్ల ముందు మెదులుతుంది. కానీ లాయరుగా నా కన్ను పడింది మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయం మీద: 112కి ఫోన్ చేసినా అని. మంగళవారం తెల్లవారి ఐదింటికి మీరు చేసిన ఆ కాల్ టైముతో సహా రికార్డయి ఉంటుంది. గురువారం పొద్దున పట్టుకున్న మనిషి కోసం ఆయన భార్య మంగళవారమే ఎందుకు ఫోన్ చేసింది? దీనికి వాళ్ల దగ్గర జవాబు ఉండదు. దెబ్బలు మానిపోతాయి, కమిలిన చోట రంగు మారిపోతుంది, మూడు వారాల తర్వాత ఏ డాక్టరూ ఇది లాఠీ దెబ్బే అని గట్టిగా రాయలేడు. ఆ యాభై గంటలు దాటిన లెక్క మాత్రం ఎక్కడికీ పోదు. కాగితం మీద ఏమీ రాయకపోతే తప్పించుకోవచ్చని వాళ్లు అనుకున్నారు చూడండి, ఆ రాయకపోవడమే మీ కేసుకు పునాది.

ఎందుకంటే, రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ప్రయాణం టైము మినహాయించి. గొడవ జరుగుతుందని ముందు జాగ్రత్తగా పట్టుకున్నా, అంటే పాత 151 సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 170, దానికీ గడువు 24 గంటలే, వేరే కేసులో ఉంచాల్సిన అవసరం పడితే తప్ప. 1996 డిసెంబరులో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవి ఇప్పుడు చట్టంలోకే వచ్చేశాయి: అరెస్టు మెమో రాయాలి, దాని మీద కుటుంబసభ్యుడో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, ఇంట్లోవాళ్లకు కబురు చెప్పాలి, డాక్టరుతో పరీక్ష చేయించి ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి ఇవ్వాలి. ఎందుకు అరెస్టు చేశారో చెప్పకపోతే అసలు ఆ అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో మళ్లీ చెప్పింది. మీ ఆయనకు మెమో ఇచ్చారా, మీ సంతకం ఎవరైనా తీసుకున్నారా? లేదనే అనుకుంటున్నా. బైండోవర్ కాగితాలు మాత్రం ఉంటాయి కదా, తహసీల్దారు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అందులో ఏ తేదీ వేశారో, పట్టుకున్న టైము ఎంతని రాశారో చూడండి. మీ కేసులో అతి ముఖ్యమైన కాగితం వాళ్ల చేత్తో రాసిందే అవుతుంది.

ఇప్పుడు తొందరపడాల్సింది సీసీటీవీ గురించి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో లాకప్‌లో, గేటు దగ్గర, వరండాలో కెమెరాలుండాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని, ఎంత తక్కువైనా ఏడాదికి తగ్గకూడదని చెప్పింది. మాటలు కూడా రికార్డవ్వాలని చెప్పింది. కెమెరా పనిచేయలేదు, హార్డ్ డిస్క్ కాలిపోయింది అనే పాటలు మాకు కోర్టులో అలవాటే. అందుకే ముందే ఒక ఉత్తరం పెట్టాలి: ఫలానా మంగళవారం తెల్లవారుజాము నుంచి గురువారం సాయంత్రం దాకా ఫుటేజి చెరిపేయకుండా భద్రపరచండి అని. ఒకటి ఎస్‌హెచ్‌ఓకి, అంటే స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి, ఒకటి ఎస్పీకి, ఒకటి కలెక్టరుకి. కలెక్టరెందుకంటారేమో, కెమెరాలు చూసుకునే జిల్లా కమిటీలో ఆయనా సభ్యుడే, ఆ తీర్పులోనే ఉంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. రేపు ఫుటేజి లేదంటే, ఉత్తరం అందాక ఎలా పోయిందని జడ్జి వాళ్లనే అడుగుతారు. ఆర్‌టీఐ కింద అడిగినా దర్యాప్తులో ఉంది అని తిప్పి పంపే అవకాశం ఎక్కువ, అయినా పది రూపాయలే కదా, పెట్టండి. తిప్పి పంపిన కాగితం కూడా పనికొస్తుంది.

దెబ్బల సంగతి. ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నారా? మన పల్లెల్లో ఇదే పెద్ద చిక్కు. నొప్పి తగ్గుతుంది, రుజువు మిగలదు. అయినా రేపే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పించి ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే గాయాల రిపోర్టు, రాయించండి. మెట్ల మీంచి పడ్డానని మాత్రం చెప్పించకండి, ఆ ఒక్క మాట కేసును ముంచుతుంది. అరికాలి ఎముకల్లో సన్న పగులు ఉంటే మూడు వారాల తర్వాత ఎక్స్‌రేలో అతుక్కుంటున్న గుర్తు ఇంకా బాగా కనబడొచ్చు. అప్పట్లో ఫోన్లో తీసిన ఫొటోలు ఉంటే ఆ ఫోనే జాగ్రత్త, అమ్మేయొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. వాట్సాప్‌లో పంపిన కాపీ కంటే ఫోన్లో ఉన్న అసలు ఫొటోకే బలం, దానికి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ మేం జతచేస్తాం.

బయటి డాక్టరు పరీక్ష ఎంత ముఖ్యమో మన రాష్ట్రంలో అందరికీ గుర్తున్న ఉదాహరణ ఒకటుంది. 2021 మేలో అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ అరెస్టు చేసినప్పుడు, కస్టడీలో కొట్టారని ఆయన ఆరోపిస్తే సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రిలో పరీక్ష చేయించింది. 2024 జులైలో గుంటూరులో దాని మీద కేసు నమోదయింది. ఆరోపణ నిజమా కాదా కోర్టు తేల్చాలి, నేను చెప్పేది కాగితం సంగతి: మూడేళ్ల తర్వాత కూడా ఆ కేసుకు ఆధారంగా ఒక రిపోర్టు ఉంది. ఎంపీ కాబట్టి ఆర్మీ ఆసుపత్రి దొరికింది, మీ ఆయనకు పెద్దాసుపత్రి ఓపీ క్యూనే గతి. ఆ క్యూలో నిలబడండి.

జడ్జి ముందు కొట్టలేదని చెప్పిన మూడో ఆయన గురించి. పక్కన అదే కానిస్టేబుళ్లు నిలబడి ఉంటే ఎవరు నోరు తెరుస్తారు? తమిళనాడు సాత్తాన్‌కుళంలో 2020లో తండ్రీకొడుకులను కొట్టి, మేజిస్ట్రేటు ముందు పెట్టి రిమాండ్‌కే పంపారు కదా, ఆ తర్వాత ఇద్దరూ చనిపోయారు. కాబట్టి ఆయన మాటతో కేసు చచ్చిపోదు, కొంచెం బలహీనపడుతుంది, అంతే. పైగా ఆయన దగ్గర మీ ఆయన దగ్గర లేనిది ఒకటుంది. జైల్లో చేర్చుకునేటప్పుడు అక్కడి డాక్టరు ఒళ్లు చూసి గాయాలు రిజిస్టరులో రాస్తారు. తమ చేతికొచ్చేటప్పటికే ఉన్న గాయాలు రేపు తమ మెడకు చుట్టుకోకూడదని జైలువాళ్లు ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంటారు. ఆ పేజీ కోర్టు ద్వారా తెప్పించవచ్చు. రిమాండ్ రిపోర్టుతో పెట్టిన మెడికల్ సర్టిఫికెట్‌లో గాయాలేమీ లేవని ఉండి, సాయంత్రం జైలు రిజిస్టరులో ఉన్నాయని ఉంటే, ఇంక చెప్పేదేముంది!

ఇక సాక్షులు. నా దగ్గరికి వచ్చిన ఒక పాత కేసులో పోలీసులు ఇలాగే ఆ రోజు మా దగ్గర లేడన్నారు. స్టేషన్ ఎదురుగా హోటల్లో పనిచేసే పిల్లాడు రెండు పూటలా క్యారియర్ తీసుకుపోయి ఆ మనిషికే ఇచ్చానన్నాడు, హోటల్ నోటుపుస్తకంలో పద్దు కూడా ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు ఎంత తిప్పినా ఆ పిల్లాడు మాట మార్చలేదు. మీ విషయంలోనూ అన్నం ఎవరు పట్టుకెళ్లారు, గేటు దగ్గర ఎవరు కాపు కాశారు, సంఘం వాళ్లలో ఎవరు సీఐతో ఫోన్లో మాట్లాడారు, ఇప్పుడే గుర్తు చేసుకుని తేదీ, టైము వేసి రాసిపెట్టండి. ముగ్గురూ ఎవరి ఫిర్యాదు వాళ్లు రాయాలి, ఒకరిది చూసి ఒకరు దించకూడదు. అచ్చుగుద్దినట్టున్న మూడు ఫిర్యాదులంటే డిఫెన్స్ లాయరుకు పండగ.

ఫిర్యాదు ఎవరికి? అదే స్టేషన్‌కు వెళ్లి అదే ఎస్సై మీద ఎఫ్‌ఐఆర్ రాయమనడం వృథా, కానీ రూల్ ప్రకారం ముందు స్టేషన్‌కు రాసి, తర్వాత బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి రాసి, ఆ తర్వాతే మేజిస్ట్రేటు దగ్గరికి అఫిడవిట్‌తో 175 కింద వెళ్లాలి. మెట్టు దాటేస్తే పిటిషన్ అక్కడే కొట్టేస్తారు. కొత్త చట్టంలో ఒక మెలిక పెట్టారు: డ్యూటీలో చేసిన పని మీద ప్రభుత్వ ఉద్యోగిపై ఫిర్యాదు వస్తే, మేజిస్ట్రేటు దర్యాప్తుకు ఆదేశించే ముందు పై అధికారి రిపోర్టు, ఆ ఉద్యోగి చెప్పే మాట కూడా చూడాలి. దీనివల్ల ఆలస్యమవుతుంది, పైగా మీరు ఏం చేయబోతున్నారో వాళ్లకు ముందే తెలిసిపోతుంది. నాకు ఈ నిబంధన నచ్చలేదు, కానీ చట్టమే అది. సెక్షన్లు: నిజం కక్కించడానికి కొడితే బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 120, మామూలు గాయానికి ఏడేళ్ల దాకా, తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా శిక్ష. ‘ఎవరు చేయించినారో చెప్పు’ అన్న మాట అందుకే ముఖ్యం, ఫిర్యాదులో ఆ మాట అన్నది అన్నట్టే, మన భాషలోనే ఉండాలి. అక్రమ నిర్బంధానికి 127. ముగ్గురిలో ఎవరైనా ఎస్సీ, ఎస్టీ అయి కులం పేరుతో తిట్టి ఉంటే అట్రాసిటీ చట్టం కూడా వస్తుంది. వీటి మీద విచారణకు ప్రభుత్వ అనుమతి లేదని వాళ్ల లాయరు బీఎన్‌ఎస్‌ఎస్ 218 సెక్షన్ చూపిస్తాడు. ఎవరిని తొలగించే అధికారం ప్రభుత్వానికే ఉందో వాళ్లకు ఉద్దేశించిన రక్షణ అది, కానిస్టేబులుకీ ఎస్సైకీ వర్తిస్తుందా అన్నదే అక్కడ వాదన. అనుమతి కావాల్సి వచ్చినా 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క.

దీంతోపాటు మానవ హక్కుల కమిషన్. రాష్ట్ర కమిషన్‌ను 2021లో కర్నూలుకు తెచ్చారు, మనకు దగ్గరే. లేదా ఢిల్లీలో జాతీయ కమిషన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ఒకటే ఎంచుకోండి, రెండు చోట్లా పెడితే ఒకరి దగ్గర ఉందని ఇంకొకరు వదిలేస్తారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కానీ ఘటన జరిగిన ఏడాదిలోపే. కమిషన్ శిక్ష వేయలేదు, పరిహారమివ్వండి, చర్య తీసుకోండి అని సిఫార్సు మాత్రమే చేస్తుంది. పరిహారం గట్టిగా రావాలంటే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేయాలి, కస్టడీ మరణానికి సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించిన నీలబతి బెహరా తీర్పు, 1993, ఆధారంగా. అంటే అమరావతి. రాత్రంతా బస్సులో పోవాలి, మన సీమవాళ్లకు హైకోర్టు ఎప్పుడూ దూరమే. స్తోమత లేదంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరును ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చాలు.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నా. పోలీసులకు శిక్ష పడిన కేసులు చాలా తక్కువ. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మన దేశం 1997లోనే సంతకం పెట్టింది గానీ ఇప్పటికీ ఆమోదించలేదు, దాని కోసం ప్రత్యేక చట్టమూ లేదు. శాఖాపరమైన విచారణ, సస్పెన్షన్, పరిహారం, ఇవి సాధ్యమే. మధ్యలో ఊరి పెద్దమనుషులు రాజీకి వస్తారు, మీ ఆయన మీద విధులకు ఆటంకం అని బీఎన్‌ఎస్ 132 కింద కౌంటర్ కేసు పెట్టొచ్చు. ‘సెక్షన్ 30 ఉంటే రోడ్డెక్కినారు’ అంటారు. పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి, అంతే. దాన్ని చూపించి రోడ్ల మీద సభలను అడ్డుకునే జీవో నంబరు 1ని హైకోర్టు 2023 మేలో కొట్టేసింది. రాస్తారోకో చేయడం తప్పే అయినా దానికి కేసు పెట్టొచ్చు, అరికాళ్ల మీద కొట్టకూడదు. రౌడీషీట్ బెదిరింపు నోటితో అన్నదే అయితే అది కూడా ఫిర్యాదులో రాయండి. నిజంగా తెరిస్తే దాని మీద విడిగా హైకోర్టుకు పోవచ్చు.

మీ ఆయన వద్దంటున్నారన్నారు. తిన్న దెబ్బలు ఆయనవి, భయపడే హక్కు ఆయనకుంది, మీరు పోట్లాడకండి. కేసు కోర్టులో నిలబడాలంటే ఆయన నోటిమాట కావాలి, అది ఆయన నిర్ణయమే. కమిషన్‌కు మాత్రం బాధితుడి తరఫున ఇంకెవరైనా రాయొచ్చు, అంటే మీరు రాయొచ్చు. సీసీటీవీ ఉత్తరానికైతే ఆయన సంతకం కూడా అవసరం లేదు, మీ పేరుతోనే పెట్టండి, రేపు పోస్టాఫీసు తెరవగానే.