హంపీ కృష్ణాలయంలో దర్శనం ఉంటుందా?

ప్రశ్న: కుటుంబంతో హంపీ వెళ్తున్నాం. అక్కడి కృష్ణాలయంలో పూజ చేయించుకోవచ్చా? చూడదగినవి ఏమున్నాయి?

జవాబు: ఆ గుడిలో నిత్యపూజలు లేవు, అర్చన చేయించుకోవాలనుకుంటే దగ్గరలోని విరూపాక్షాలయానికి వెళ్లండి. అయినా తెలుగువారు ఈ ఆలయాన్ని విడిచిపెట్టకూడదని నా అభిప్రాయం. ఒడిశా రాజులైన గజపతుల ఏలుబడిలో ఉన్న ఉదయగిరి కోటను, అంటే నేటి నెల్లూరు జిల్లాలోని దుర్గాన్ని, 1514లో జయించిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తన రాజధాని విజయనగరానికి, అంటే నేటి హంపీకి తరలించి, దాని కోసమే ఈ గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించారు. ఆ సంగతి తెలిపే శాసనం ఆలయ ప్రాంగణంలోనే ఉంది. విగ్రహం మాత్రం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది కాబట్టి గర్భగుడి ఖాళీగా కనిపిస్తుంది.

లోపలికి వెళ్లే తొందరలో చాలామంది తూర్పు గోపురాన్ని పట్టించుకోరు. శిథిలమైన ఆ గోపురంపై సున్నపు గారతో మలిచిన డాళ్లు పట్టిన సైనికులు, గుర్రాలు ఇంకా మిగిలి ఉన్నాయి. గుడి గోపురం మీద యుద్ధ దృశ్యాలు ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు. ఎదురుగా రోడ్డు దాటితే పాత కృష్ణ బజారు రాతి మండపాల వరసలు, వాటి పక్కనే పుష్కరిణి ఉన్నాయి. ఎండ తీవ్రంగా ఉంటుంది కనుక ఉదయమే వెళ్లండి. రైల్లో వచ్చేవారు హోసపేటలో దిగాలి.