ఐక్యూ బాగానే ఉంది, ఫ్రంటల్ లోబ్ టెస్టులో మాత్రం తక్కువొచ్చింది: దేన్ని నమ్మాలి?

మీ నాన్నగారికి స్ట్రోక్ తర్వాత ఐక్యూ 110 వచ్చింది, ఫ్రంటల్ లోబ్ (మెదడులో నుదురు వెనకుండే భాగం) పనితీరు చూడ్డానికి పెట్టే కార్డుల టెస్టులో మాత్రం బాగా తక్కువొచ్చింది, రెండిట్లో ఏది నిజం అని అడిగారు కదా. రెండూ నిజమేనండి. ఇదే ప్రశ్నతో మేం ఏడాది పైన తిరిగాం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మా అన్నయ్య ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేసేవాడు, బండి మీద నుంచి పడి నుదుటికి గట్టి దెబ్బ తగిలింది. ఆరు నెలలకి లేచి తిరుగుతున్నాడు, మాట బాగుంది, ఎక్కాలు అడిగినా వైరు రేట్లు అడిగినా టకటకా చెప్తున్నాడు. మొదట చూపించిన చోట ఐక్యూ టెస్టు పెట్టి, నార్మల్ కంటే ఎక్కువే ఉంది, కంగారు పడకండి అని పంపించేశారు. ఇంట్లో పరిస్థితి వేరే. వదిన ఒకరోజు పెరుగు ప్యాకెట్, కరెంటు బిల్లు, పిల్లాడికి స్కెచ్ పెన్నులు అని మూడు పనులు చెప్పి పంపింది, రెండు గంటలైనా రాకపోతే నేను వెతుక్కుంటూ వెళ్లా, కరెంటాఫీసు బయట ఎవరితోనో మాట్లాడుతూ నిలబడున్నాడు, బిల్లు జేబులోనే ఉంది. వదిన ఏం చెప్పింది అన్నయ్యా అంటే మూడూ వరసగా చెప్పాడు. అంటే మర్చిపోలేదు! చుట్టాలేమో బద్ధకం, కావాలనే చేస్తున్నాడు అనేవాళ్లు, ఆ మాటలకి వదిన ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

తర్వాత ఇంకో ఊళ్లో చూపిస్తే విస్కాన్సిన్ కార్డుల టెస్టు పెట్టారు, నన్ను వెనక కూర్చోనిచ్చారు. చేతిలో కార్డుని ఎదురుగా ఉన్న కార్డులతో, రంగు, ఆకారం, ఎన్ని బొమ్మలున్నాయి అనే మూడింట్లో దేన్ని బట్టి జత చెయ్యాలో వాళ్లు చెప్పరు, పెట్టాక రైటా తప్పా అని మాత్రమే అంటారు, వరసగా పది రైటయ్యాక చెప్పకుండా రూలు మార్చేస్తారు. అన్నయ్య రంగు పట్టేశాడు. రూలు మారింది. "ఓహో, ఇప్పుడు రంగు కాదన్నమాట" అని తనే పైకి అన్నాడు, అంటూనే ఎర్ర కార్డు తీసి మళ్లీ ఎర్రదాని కిందే పెట్టాడు. అలా ఎన్నిసార్లో. తెలిసినదానికీ చేతికీ మధ్య ఏదో తెగిపోయినట్టు అనిపించింది నాకు. మెదడు మీద పరిశోధన చేసిన సైకాలజిస్టు బ్రెండా మిల్నర్ 1963లోనే ఫ్రంటల్ లోబ్‌లో కొంత ఆపరేషన్‌లో తీసేసిన పేషెంట్లలో ఈ పాత రూలు వదల్లేకపోవడం చూపించింది. అంతకుముందు 1939లో డొనాల్డ్ హెబ్ అనే సైకాలజిస్టు, ఆ భాగం చాలా తీసేసినా కొందరికి మామూలు ఐక్యూ టెస్టులో మార్కులు తగ్గలేదని రాశాడు. మీ నాన్నగారి రిపోర్టు కూడా అలాంటిదే.

ఎందుకలా అంటే, ఐక్యూ టెస్టుల్లో చాలా ప్రశ్నలు ఎప్పుడో నేర్చుకుని దాచుకున్నవాటి మీదే, పదాల అర్థాలు, లోకజ్ఞానం లాంటివి. దెబ్బ తగిలినా అవి చాలామందిలో అలాగే ఉంటాయి. ఎప్పుడూ చూడని చిక్కుని అప్పటికప్పుడు విప్పే తెలివి వేరు, దాన్ని ఫ్లూయిడ్ ఇంటెలిజెన్స్ అంటారు. జాన్ డంకన్ అనే పరిశోధకుడి టీమ్ వాళ్లు 1995లో ఫ్రంటల్ లోబ్ దెబ్బతిన్న ముగ్గురిని చూశారు, మామూలు ఐక్యూ 125-130, బొమ్మల చిక్కులతో ఈ ఫ్లూయిడ్ తెలివిని కొలిచే కల్చర్ ఫెయిర్ టెస్టులో మాత్రం అంతకంటే 20 పాయింట్లకి పైగా తక్కువ. అందుకే రిపోర్టులో ఐక్యూ అంకె ఒక్కటే చూడకండి, అది ఏ టెస్టు అని అడగండి.

2010లో డంకన్ వాళ్ల టీమే ఇంకోటి చూపించింది, నాకు ఎక్కువ ఉపయోగపడింది అదే. కార్డుల టెస్టులో వచ్చే లోటు మొత్తం ఫ్లూయిడ్ ఇంటెలిజెన్స్ తగ్గడం వల్లేనని లెక్క తేలిందట, అంటే ఆ టెస్టు ఫ్రంటల్ లోబ్‌ది అని పేరేగానీ చాలావరకు కొలిచేది జనరల్ తెలివినే. కానీ సామెతలకి అర్థం చెప్పడం, నాలుగైదు పనులకి టైము పంచుకోవడం, ఎదుటివాళ్లు నొచ్చుకునే మాటని గుర్తుపట్టడం, వీటిలో లోటు మాత్రం మొత్తం దానివల్లే అని తేలలేదు, ఆ తెలివి తగ్గడాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా కొంత లోటు మిగిలింది. అన్నయ్యని అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటే ఏంటని అడిగితే "చెప్పులేసుకుంటే సరి కదా" అన్నాడు. సామెతలు తెగ వాడే మనిషండి ఆయన. షాలిస్, బర్జెస్ అనే పరిశోధకులు 1991లో ముగ్గురు పేషెంట్లని నిజంగానే షాపింగ్ వీధికి చిన్న చిన్న పనుల మీద పంపించి చూశారు, మా పెరుగు ప్యాకెట్ గొడవ లాంటిదే, గదిలో టెస్టులు బాగా చేసినవాళ్లు అక్కడ తడబడ్డారు.

కాబట్టి డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు ఇంట్లో జరిగినవి, ఏ రోజు ఏ పని ఎక్కడ ఆగిపోయిందో కాయితం మీద రాసి తీసుకెళ్లండి, వదిన రాసిన రెండు పేజీలు చదివాకే మా డాక్టరుగారికి విషయం అర్థమైంది. ఇప్పుడు వదిన ఒక్కో పనికే పంపిస్తోంది, పెరుగు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాకే బిల్లు చేతికిస్తుంది. ఈ నెల బిల్లు అన్నయ్యే కట్టాడు.

మీ నాన్నగారి రిపోర్టులో ఐక్యూ టెస్టు పేరు ఉంటే ఇక్కడ రాయండి.