2021 మరణాల నుంచి 2019 మరణాలను తీసివేస్తే సరిపోదా?

2021లో నమోదైన మరణాల నుంచి 2019 మరణాలను తీసివేస్తే కరోనా కాలపు అదనపు మరణాలు తేలిపోతాయి కదా, ఇన్ని రకాల అంచనాలు ఎందుకు అని మీరు అడిగారు. నేను గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు సాంఖ్యకశాస్త్రం బోధిస్తాను. 2022లో ఇద్దరు విద్యార్థుల ప్రాజెక్టు కోసం సరిగ్గా మీరు చెప్పిన తీసివేతతోనే మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాను కనుక ఆ అనుభవం నుంచే సమాధానమిస్తాను.

అదనపు మరణాలంటే జరిగిన మరణాలకూ, కరోనా లేకపోతే జరిగి ఉండేవాటికీ మధ్య తేడా. ఈ తీసివేతలో మొదటి అంకె లెక్కించినది, రెండవది ఊహించినది. కరోనా రాకపోయి ఉంటే 2021లో ఎందరు మరణించేవారన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు. దాని స్థానంలో 2019 అంకెను పెడితే ఏమవుతుందో దేశపు లెక్కలే చూపుతాయి. జనన మరణాలను నమోదు చేసే పౌర నమోదు వ్యవస్థలో 2018లో సుమారు 69.5 లక్షలు, 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షల మరణాలు నమోదయ్యాయి. అంటే కరోనా లేని 2019లో పెరుగుదల దాదాపు 7 లక్షలు కాగా, కరోనా వచ్చిన 2020లో అది 5 లక్షల లోపే. 2019లో జనం అంత ఎక్కువగా చనిపోయారని కాదు. అంతకుముందు పుస్తకాలకెక్కని చావులు చాలావరకు ఎక్కడం మొదలైంది. పైగా 2020లో లాక్‌డౌన్ వల్ల రోడ్డు ప్రమాద మరణాలు తగ్గాయి కాబట్టి, ఆ తగ్గుదల కరోనా మరణాలను కొంత కప్పిపుచ్చింది.

సరే, ఒక్క ఏడాది వద్దని 2015 నుంచి 2019 వరకు నెలవారీ సగటు తీశాము. అక్కడ ఎండ అడ్డం వచ్చింది. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యికి పైగా మరణించారు. ఆ సంవత్సరాన్ని కలిపితే మే సగటు పైకి లేస్తుంది. 2021లో కరోనా రెండవ దశ తీవ్రంగా ఉన్నదీ మే నెలలోనే కనుక అదనం ఆ మేరకు తక్కువగా కనిపిస్తుంది. పోనీ తీసేద్దామా అంటే, వడగాడ్పులు మనకు కొత్తవా? రెండు విధాలా చేసి రెండు ఫలితాలనూ రాయమన్నాను.

నాకు ఎక్కువ పాఠం నేర్పినది మాత్రం మా పెదనాన్నగారి మరణమే. ఆయన 2021 మే నెలలో తెనాలి దగ్గర పల్లెలో, ఇంట్లోనే కాలం చేశారు. 21 రోజులలో నమోదు చేయించాలన్న ధ్యాస ఎవరికుంటుంది? పొలం పెద్దమ్మ పేరుకు మార్చవలసి వచ్చినప్పుడు, డిసెంబరులో, అఫిడవిట్టు పెట్టి ధ్రువపత్రం తెచ్చుకున్నాము. మా ప్రాజెక్టుకు ఒక కార్యాలయం ఇచ్చిన పట్టిక నమోదు తేదీల ప్రకారం తయారైనది. అటువంటి పట్టికలో పెదనాన్నగారు డిసెంబరులో చనిపోయినట్లే లెక్క. శిఖరం మే నుంచి జారి తరువాతి నెలలలో పరుచుకున్నట్లు మా గ్రాఫు చూపితే, మొదట అదేదో కొత్త విషయం కనిపెట్టామనుకుని సంబరపడ్డాము.

ఊరు కూడా చిక్కే. మరణం జరిగిన చోటే నమోదవుతుంది. పల్నాడు నుంచో, ప్రకాశం నుంచో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వచ్చి చనిపోయినవారు గుంటూరు లెక్కలోకి వస్తారు, వారి ఊళ్లలో మాత్రం ఏమీ జరగనట్లుంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పాత గుంటూరు జిల్లా అంకెలను కొత్తవాటితో నేరుగా పోల్చే వీలే లేకుండా పోయింది.

ఇక యాదృచ్ఛికత. నెలకు సగటున 100 మరణాలుండే పట్టణంలో పాయిజాన్ సూత్రం (ఇటువంటి లెక్కలు కేవలం యాదృచ్ఛికంగా ఎంత మారవచ్చో చెప్పేది) ప్రకారమే 80 నుంచి 120 వరకు మామూలు హెచ్చుతగ్గులు. వాస్తవంలో అంతకన్నా ఎక్కువే ఊగుతాయి. కనుక చిన్న పట్టణానికి 115 వచ్చినంత మాత్రాన 15 అదనపు మరణాలని చెప్పలేము. జిల్లా, రాష్ట్రం స్థాయికి వెళ్లేకొద్దీ ఈ ఊగిసలాట శాతంలో తగ్గుతుంది, నమోదు లోపం మాత్రం అలాగే ఉంటుంది.

అంచనాలు వేరువేరుగా రావడానికి ఇవే కారణాలు. 2020, 2021 సంవత్సరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచమంతటా 1.49 కోట్ల అదనపు మరణాలని, 1.33 నుంచి 1.66 కోట్ల మధ్య ఉండవచ్చని చెప్పగా, లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా 1.82 కోట్లు. మన దేశానికి ఆ సంస్థ చెప్పినది సుమారు 47 లక్షలు, అధికారిక కరోనా మరణాలు సుమారు 4.8 లక్షలు. ఆ 47 లక్షలకు ఆధారం 17 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి దొరికిన మరణాల సమాచారమే. మిగిలినవాటిని గణిత నమూనాతో అంచనా వేసి పూరించారు, కేంద్ర ప్రభుత్వం ఆ పద్ధతినే ఆక్షేపించింది.