కారు రిపేరు ఎవరికి అప్పజెప్పాలి?

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన షోరూమ్ ఎస్టిమేట్ చూశాను. 18,000 అనేసరికి టెన్షన్ పడకు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు తప్పవు. డీకార్బనైజింగ్ (ఇంజిన్‌లో మసి తీయడం), ఏసీ ట్రీట్‌మెంట్, అండర్‌బాడీ కోటింగ్ మాత్రం అడక్కుండా విస్తట్లో వడ్డించినవే. కారుతో ఇచ్చిన మాన్యువల్లో సర్వీసు పట్టిక ఉంటుంది. అందులో లేనివాటిని జాబ్ కార్డు (చెయ్యబోయే పనుల పట్టీ) మీద సంతకం పెట్టకముందే కొట్టేయించు. బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నారు కదా, ఎంత మందం మిగిలిందో చూపించమను. 3 మిల్లీమీటర్ల లోపుంటే మార్పించాల్సిందే.

వారంటీ ఉన్నంతకాలం షోరూమ్ వదలకూడదు. నీ బండికి అది అయిపోయింది కాబట్టి బయట చేయించినా భయంలేదు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగినా, లోపం ఉందని కంపెనీ బళ్లను వెనక్కి పిలిచినా (రీకాల్) షోరూమ్‌కే వెళ్లు. ఎక్కడైనా గుద్దుకుంటే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చెయ్యి. వాళ్ల సర్వేయర్ వచ్చి నష్టం చూడకముందు ఒక్క బోల్టు కూడా విప్పించకు.

నువ్వు చెప్పిన ముందు చక్రం దగ్గర చప్పుడుకి మన బెజవాడ ఆటోనగర్ చాలు. నీ మోడల్ బళ్లు నాలుగైదు ఆగి ఉన్న షెడ్డు చూసుకో. అక్కడ "షాకబ్జార్బర్ పోయిందండీ" అని నువ్వే తీర్పు చెప్పావో, మెకానిక్ అదే మార్చేస్తాడు, చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. "స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమ పక్క టక్‌మంటోంది" అను, అంతే. పని తెలిసినవాడైతే నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి ఒక రౌండ్ తిప్పుతాడు. తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తాడు. చాలాసార్లు చిన్న లింక్ రాడ్డో, అరిగిన రబ్బరు బుష్షో బయటపడుతుంది. చూడకుండానే రేటు చెప్పేవాడి దగ్గర ఆగకు. మార్చిన పాత సామాను, కొత్తదాని డబ్బా రెండూ అడిగి తెచ్చుకో.

ఎయిర్ ఫిల్టరు, వైపర్లు, బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్లపొడి... వీటికి లేబర్ చార్జీ ఎందుకురా? నువ్వే చేసుకో. టెర్మినళ్లు విప్పేటప్పుడు ముందు మైనస్ తియ్యి, బిగించేటప్పుడు అది ఆఖరున పెట్టు. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యకు. ఉత్త జాకీని నమ్మి కారు కింద దూరకు. యూట్యూబ్ చూసి బ్రేకుల జోలికి మాత్రం వెళ్లావంటే మీ అమ్మకు చెబుతాను.

ఆటోనగర్‌కు శనివారం పొద్దున్నే వెళ్లు, సాయంత్రమైతే రద్దీ. మెకానిక్ ఏమన్నాడో ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మామయ్య