లాబ్రడార్ పిల్లకి గ్రూప్ క్లాసా, ఇంటికొచ్చే ట్రైనరా?

అయిదు నెలల లాబ్రడార్, లిఫ్టులో కనబడ్డవాళ్ల మీదకల్లా ఎగురుతున్నాడు, ఆదివారం గ్రూప్ క్లాసులో చేర్చాలా, ట్రైనర్‌ని ఇంటికే పిలిపించుకోవాలా అని కదండీ మీ ప్రశ్న. నేనైతే గ్రూప్ క్లాసే అంటాను. కాకపోతే కుక్కని అక్కడ దింపేసి మనం కాఫీకి వెళ్లిపోయే ట్యూషన్ కాదది.

ఇది డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్న మాట. మాది హిందూపురం, ఉండేది బెంగళూరులో మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంటులో. మావాడూ లాబ్రడారే, పేరు జున్ను. ఏడో నెలలో వాణ్ని మూడు వారాలు ఒక కెన్నెల్‌లో వదిలాం. అక్కడే ఉంచుకుని అన్నీ నేర్పి పంపుతామన్నారు. తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు ట్రైనర్ చెయ్యెత్తితే చాలు, కూర్చున్నాడు, పడుకున్నాడు. చూసి మురిసిపోయాం. ఇంటికొచ్చాక రెండు రోజులు బుద్ధిగా ఉన్నాడు. మూడో రోజు నాలుగో అంతస్తు అంకుల్ లుంగీ పట్టుకున్నాడు. వాడికి అన్నీ వచ్చు, చెప్పడం మాకే రాదు. పైగా గొలుసు చప్పుడు వినబడితే చాలు, నిలబడ్డచోటే పాస్ పోసేసేవాడు. అక్కడ ఏం జరిగిందో అడగాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాత చేరాం గ్రూప్ క్లాసులో. ఎనిమిది ఆదివారాలు, పొద్దున్న ఏడింటికి, గంటసేపు. ఒక బీగిల్, రొప్పుతూనే ఉండే ఒక హస్కీ, వీధి నుంచి తెచ్చి పెంచుకుంటున్న రెండు కుక్కలు, ఇంకో లాబ్రడార్, మావాడు. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ నేర్పలేదు. పదేసి అడుగుల దూరంలో చాపలు వేసుకుని కూర్చున్నాం, అంతే. పక్కన ఇంకో కుక్క ఉన్నా మన దగ్గర కుదురుగా ఉండటమే మొదటి పాఠమట. ఇంటికొచ్చే ట్రైనర్ ఎంత మంచివాడైనా ఆ బీగిల్‌ని వెంట తేలేడు కదా!

రెండో వారం నా వంతు వచ్చింది. "జున్నూ, సిట్. సిట్. సిట్‌రా నాయనా..." చివరికి కూర్చున్నాడు. ఎన్నిసార్లు అన్నారని అడిగింది ట్రైనరమ్మ. రెండో మూడో అన్నాను. "ఏళు సార్" అని కన్నడంలో ఏడు చెప్పి వేళ్లు చూపించింది. ఏడోసారికి కూర్చున్నాడంటే మొదటి ఆరూ వినక్కర్లేదని నేనే నేర్పినట్టట. అక్కడున్న అందరిదీ ఇదే జబ్బు.

ఇంట్లో ఎవరెవరు ఏమంటారో రాసుకు రమ్మంది. నేను సిట్ అంటాను, పనామె కూత్కో అంటుంది, మా అమ్మ కూర్చోరా అంటుంది. తెలుగువాళ్లకి మాత్రమే ఉన్న చిక్కు ఇక్కడుంది చూడండి. కూర్చోరా, ఆగరా, వద్దురా... ఏం చెప్పినా చివర 'రా'. మళ్లీ పిలవడానికీ 'రా' నే! కూర్చోమన్నామో రమ్మన్నామో పాపం వాడికేం తెలుస్తుంది? అందుకని పిలవడానికి వేరే మాట పెట్టుకోమన్నారు. అమ్మ పెట్టిన మాట 'బువ్వ'. పార్కులో బువ్వా అని అరిస్తే తెలుగువాళ్లంతా తిరిగి చూస్తారు, అది వేరే సంగతి. వాడు మాత్రం ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు. పిలిచి మాత్రం వట్టి చేతులు చూపించకూడదు. ఉడికించిన చికెన్ శనగ గింజంత ముక్కలు చేసి జేబులో పెట్టుకోండి. ఆఫీసు ప్యాంటు జేబులో వద్దు, అనుభవంతో చెబుతున్నా.

ఇక మీ లిఫ్టు గొడవ. నేరుగా లిఫ్టులో మొదలుపెట్టకండి. ముందు మీ గుమ్మం ముందు కూర్చోబెట్టండి, తర్వాత లిఫ్టు తలుపు కనబడేంత దూరంలో, ఆ తర్వాత తలుపు తెరుచుకుంటుండగా, ఆఖరున మనిషి లోపలుండగా. రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు చాలు. మాకు నెల పట్టింది. ఎగిరినప్పుడు ఎవరూ నిమరకూడదు, అరవకూడదు. కుక్కపిల్లకి అరుపు కూడా ఆటలాగే ఉంటుంది. మా అంకుల్‌తో వచ్చిన ఇబ్బంది అదే, లుంగీ సంగతి మర్చిపోయి "పర్లేదమ్మా, ఎగరనీ" అని రెండు చేతులూ చాపేవాడు. పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వం అనే హక్కు అపార్ట్‌మెంటు అసోసియేషన్లకి లేదని 2015 లోనే జంతు సంక్షేమ బోర్డు చెప్పింది. అయినా భయపడేవాళ్లు లోపలుంటే నేను తర్వాతి లిఫ్టుకే ఆగుతాను.

ఎగరడం సంతోషంతో అయితేనే గ్రూప్ క్లాసు. ఇంకో కుక్కని చూసి భయంతో వణికినా, కరవబోయినా ముందు ఒంటరిగా ఒక మంచి ట్రైనర్ దగ్గర నేర్పించండి. వాణ్ని ఆరుగురి మధ్య కూర్చోబెడితే ఇంకా ముదురుతుంది.

చేర్చేముందు ఒక్క ఆదివారం కుక్కని ఇంట్లో వదిలి మీరు ఊరికే వెళ్లి చూడండి. కుక్కల తోకలు చూడండి, కాళ్ల మధ్యకి ముడుచుకుని ఉంటే తిరిగొచ్చేయండి. మెడకి చోక్ చైన్లు, అంటే లాగితే బిగుసుకునే గొలుసులు, ఉన్నా అంతే. టీకాల పుస్తకం అడగనివాళ్ల దగ్గర చేర్చకండి, కుక్కపిల్లల ప్రాణం మీదకి తెచ్చే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. అసలు క్లాసు చూడనివ్వం అంటే మాత్రం ఇంకోటి వెతుక్కోండి.